అతుక్కుపోయిన కన్ను

మెల్లకన్ను ఆపరేషన్లు నేర్చుకోవడానికి నా దగ్గరకు వచ్చిన పిల్లలందరూ మొదటి వారంలో అడిగే ప్రశ్న ఒకటే. "కండని ఎన్ని మిల్లీమీటర్లు జరపాలి మేడమ్?" దానికి పట్టికలున్నాయి, పుస్తకం తెరిస్తే దొరుకుతాయి. నేను ముప్ఫై ఏళ్ళకు పైగా ఏలూరులోనూ, తాడేపల్లిగూడెంలోనూ ఈ పనే చేసి రెండేళ్ళ కిందట మానుకున్నాను. ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా నన్ను అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది. మనం కుట్లు వేసి పంపేశాక, మనిషి ఇంటికెళ్ళి అన్నం తిని పడుకున్నాక, ఆ కంటి లోపల ఏది దేనికి అతుక్కుంటుంది?

దానికి జవాబు రాయాలని కూర్చున్నాను. రాయాలంటే నా చేతుల్లో పాడైన ఒక కన్ను గురించి చెప్పాలి. ఆ మనిషిని అడిగి, అతను సరేనన్నాకే రాస్తున్నాను. పేర్లు మాత్రం మార్చాను.

డాక్టర్లు కానివాళ్ళు కూడా ఇది చదవొచ్చు కాబట్టి ముందు నాలుగు ముక్కలు. కంటి గుడ్డును అటూ ఇటూ తిప్పడానికి ఆరు సన్నటి కండలుంటాయి. వాటినీ గుడ్డునీ చుట్టుకొని ఒక పల్చటి పొర ఉంటుంది. మేము దాన్ని టీనన్స్ పొర అంటాం. ఆ పొరకు అవతల, కన్ను మెత్తగా కూర్చోవడానికి, కొవ్వు ఉంటుంది. పొర చెక్కుచెదరనంతకాలం కొవ్వు తన చోట తాను ఉంటుంది, కన్ను నూనె రాసినట్టు తిరుగుతుంది. పొర చిరిగితే కొవ్వు ఇవతలకు వస్తుంది, రక్తంతో కలుస్తుంది, గుడ్డుకు అంటుకుంటుంది. ఆ మీదట నెలల తరబడి ఆ మచ్చ గట్టిపడుతూ, ముడుచుకుంటూ, కంటిని తనవైపు లాక్కుంటూ పోతుంది. చేతి మీద గాయం అతుక్కుంటే మానిందని సంతోషిస్తాం. కంటి కండల దగ్గర ఆ మానడమే జబ్బు.

జయరాజు గారి ముంజెలు

నాకు ఈ పని నేర్పినవారు జయరాజు గారు. నేను ఏలూరులో ఉద్యోగంలో చేరేటప్పటికే ఆయన జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. మా నాన్నగారిలాగే ఆయన తండ్రి కూడా దెందులూరు వైపు ఒక మిషను బడిలో మాస్టారు. ఆ చనువుతో నన్ను "అమ్మాయ్" అనేవారు. తిట్టేటప్పుడు మాత్రం "డాక్టరు గారూ" అనేవారు.

వేసవి వచ్చిందంటే ఆయన దెందులూరు రోడ్డు మీద నుంచి ముంజెలు తెప్పించేవారు. ఆపరేషన్లు అయ్యాక మమ్మల్ని కూర్చోబెట్టి తలా ఒక ముంజె చేతిలో పెట్టేవారు. లోపలి నీళ్ళు ఒక్క చుక్క కారకుండా గోళ్ళతో పైపొర ఒలవాలి. మొదటి వేసవిలో నేను ఒక్కటీ నిలబెట్టలేకపోయాను. నీళ్ళు మోచేతుల దాకా కారేవి.

"చిరిగినవన్నీ ఇలా ఇచ్చెయ్ అమ్మాయ్, నేను తినేస్తాను. కళ్ళని అలా తినెయ్యడానికి వీలుండదు" అనేవారు.

ఆపరేషన్‌లో రక్తపు చుక్క కనపడితే ఆయన చేతులు ఆగిపోయేవి. దూది నొక్కి పట్టుకొని, వాన గురించో, చర్చిలో కొత్తగా వచ్చిన పాస్టరు గారి గొంతు గురించో మాట్లాడుతూ కూర్చునేవారు. నర్సులు గడియారం చూసుకునేవారు. ఆయన చూసేవారు కాదు. "రక్తం జిగురమ్మా. ఇవాళ తుడవకుండా వదిలిన చుక్క ఆరు నెలలకి తాడై కూర్చుంటుంది" అనేవారు.

ఆయన దేవుడేమీ కాదు. ఆయన నిదానానికి సగం మంది రోగులు ఆ రోజు ఆపరేషన్ కాకుండానే దిండ్లూ దుప్పట్లూ చంకన పెట్టుకొని వెనక్కి వెళ్ళేవారు. కొత్త పద్ధతి ఏదైనా చెబితే మొహం అటు తిప్పుకునేవారు. నాకు సొంతంగా కత్తెర పట్టుకోనివ్వడానికి మూడేళ్ళు తీసుకున్నారు. నాకు ఆయన మీద కోపంగానే ఉండేది.

అయినా ఆయన చెప్పిన ఒక మాట నేను పుస్తకంలో రాసుకున్నాను. "పొర చిరగడం ఎవరికైనా జరుగుతుంది. చిరిగితే దాచకమ్మా. కాగితం మీద రాయి, మనిషికి చెప్పు. రెండోసారి లోపలికి వెళ్ళేవాడికి దారి తెలియాలి."

రాసుకున్నాను. అంతే చేశాను.

ఏడుకొండలు

జయరాజు గారు పోయాక నేను తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి మారాను. మెల్లకన్ను ఆపరేషన్లు చేసేవాళ్ళు ఆ చుట్టుపక్కల తక్కువ కావడంతో పేరు తొందరగానే వచ్చింది. ఏడుకొండలు నా దగ్గరకు వచ్చింది అప్పుడే. కైకలూరు దాటాక కొల్లేరు అంచున ఒక ఊరు అతనిది. ఇరవై ఏడేళ్ళు. చేపల చెరువుల్లో మేత కట్టే పని. చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు నింపి, దోనె మీద వెళ్ళి, చెరువు మధ్య కట్టిన తాళ్ళకు వాటిని వేలాడదీస్తారు. చేపలు వచ్చి ఆ చిల్లుల్లోంచి తింటాయి.

అతని తల ఎప్పుడూ ఎడమ భుజం మీదికి వాలి ఉండేది. చిన్నప్పటి నుంచీ అంతేనట. మెడకు పట్టీలు కట్టారు, నూనెలు రాశారు, ఎక్స్‌రేలు తీశారు. ఎవరికీ ఏమీ దొరకలేదు.

"తల నిలబెట్టు బాబూ" అన్నాను. నిలబెట్టాడు.

"ఇప్పుడెలా ఉంది?"

"మీరు రెండుగా కనపడతన్నారండి. ఒకరి మీద ఒకరు. పెళ్ళిలో ఫొటో అతను కూడా తల నిలబెట్టమని ఒకటే గోలండి. నిలబెడితే కెమెరాలు రెండు. ఏ దాన్ని చూడాలో తెలక తల దించేసుకున్నానండి."

పక్కన అతని భార్య రాజ్యం చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. పెళ్ళై అప్పటికి ఏడాది కాలేదు.

జబ్బు మెడది కాదు, కుడి కంటిది. పుట్టుకతోనే ఆ కంటిలో ఒక కండ బలహీనంగా ఉంది, అందువల్ల కన్ను పైకి పోతోంది. తల పక్కకు వాలిస్తే రెండు కళ్ళూ సర్దుకొని ఒకటే బొమ్మ కనపడుతుంది. ఇరవై ఏడేళ్ళుగా అతని మెడ అతని చూపు కోసం వంగి ఉంది. గుడ్డు కింద ఏటవాలుగా పోయే ఇంకో కండను కొంచెం వదులు చేస్తే సరిపోతుంది. ఆ సంగతి చెప్పగానే అతను కుర్చీలోంచి లేచి దండం పెట్టాడు.

"మరి ఊళ్ళో నన్ను వంకర కొండ అంటారండి. అది పోద్దాండి?"

"పోతుంది" అన్నాను.

ఆ మధ్యాహ్నం

ఆపరేషన్ రోజున నా పని చూడటానికి వేరే ఊరి నుంచి ఇద్దరు డాక్టర్లు వచ్చారు. ఒకతను, ఒక అమ్మాయి. అప్పటికే ఆ రోజు మూడు చేశాను, మూడూ బాగా వచ్చాయి. "ఎంత స్పీడుగా చేస్తున్నారు మేడమ్" అన్నాడతను. ఆ మాట నాకు బాగుంది. ఎవరూ నన్ను తొందరపెట్టలేదు. తర్వాత ఇంకో కేసు కూడా లేదు. జయరాజు గారి దగ్గర మూడేళ్ళు చేతులు కట్టుకొని నిలబడ్డ మనిషిని, ఆ రోజు చూడటానికి ఇద్దరు నిలబడి ఉంటే ఒళ్ళు తెలియలేదు. ఇంతకంటే చెప్పుకోదగ్గ కారణం నా దగ్గర లేదు.

ఆ కండను హుక్కుతో పట్టుకోవాలి. పొరను పక్కకు తీసి, కండ అంచు కంటితో చూసి, అప్పుడు హుక్కు వెయ్యాలి. నేను చూడలేదు. ఒక్క ఊపులో పట్టుకొని చూపిద్దామని హుక్కును వెనక్కి, లోతుకు తోసి తిప్పాను. కండ దొరికింది. దాంతోపాటు మైక్రోస్కోపు కింద పసుప్పచ్చటి చుక్క ఒకటి మెరిసింది. నెయ్యి పూస అంత. పక్కనే కొంచెం రక్తం.

ఆ అమ్మాయి ముందుకు వంగింది. "మేడమ్, అది కొవ్వా?"

"కాదమ్మా, టీనన్స్" అన్నాను.

ఆ చుక్కను లోపలికి నెట్టాను. కొంచెం కత్తిరించాను కూడా. రక్తం పూర్తిగా ఆగేదాకా ఉండలేదు. చిరుగును సరిగ్గా మూసి కుట్టాలి, కుట్టాలంటే చిరిగిందని ఒప్పుకోవాలి. ఆపరేషన్ కాగితం మీద సాఫీగా జరిగిందని రాశాను. ఆ అమ్మాయి ఎక్కడ పని చేస్తోందో నాకు తెలియదు. కొవ్వును చూపించి ఇది టీనన్స్ అని ఆమె ఇంకొకరికి చెబుతుంటే, ఆ పాపం కూడా నాదే.

ఒంటి తత్వం

మొదటి నెల అద్భుతంగా ఉంది. ఏడుకొండలు మెడ నిటారుగా పెట్టుకొని నడిచి వచ్చాడు. రాజ్యం చేతిలో ఫోను. కొల్లేటికోటలో అమ్మవారి గుడి దగ్గర తీయించుకున్న ఫొటో చూపించింది. అందులో అతను తల నిలబెట్టి, కెమెరా వైపు గుడ్లప్పగించి చూస్తున్నాడు, నవ్వడం కూడా మర్చిపోయి. నాకు ఒక బుట్టెడు చేపలు తెచ్చారు. నేను ఆ పసుపు చుక్కను మర్చిపోయాను. మర్చిపోవాలనుకున్నాను, అది కుదిరింది.

రెండో నెల చివర ఒంటరిగా వచ్చాడు.

"మళ్ళీ రెండు కనపడతన్నాయండి. ఇదివరకు మెడ వాలిస్తే ఒకటయ్యేవి. ఇప్పుడు ఎటు వాల్చినా కలవట్లేదండి."

మత్తు చుక్కలు వేసి, ఫోర్సెప్స్‌తో గుడ్డు అంచు పట్టుకొని పైకి కదిపి చూశాను. మామూలు కన్ను తేలిగ్గా వస్తుంది. ఆ కన్ను కొంచెం కదిలి, గుంజకు కట్టేసినట్టు ఆగిపోయింది. నా వేళ్ళకు తెలిసింది. ఇంక పరీక్షలేవీ అవసరం లేదు.

"కొంచెం వాపు ఉంది బాబూ. చుక్కలు రాస్తాను, తగ్గుతుంది" అన్నాను.

మూడో నెలలో కన్ను కిందకి దిగడం బయటికే కనపడింది. నాలుగో నెలలో వచ్చినప్పుడు, "ఇలా ఎందుకయ్యిందండి?" అని అడిగాడు.

"కొందరి ఒంటి తత్వం అంతే. గాయం మానేటప్పుడు మచ్చ ఎక్కువ కడుతుంది" అన్నాను.

అది అబద్ధం అనడానికి లేదు. అలాంటి ఒళ్ళు ఉంటాయి, ఎంత జాగ్రత్తగా చేసినా అతుక్కునే కళ్ళు ఉంటాయి. అందుకే ఆ మాట నాకు అంత సులువుగా నోటికొచ్చింది. మన వృత్తిలో నిజమైన మాటలు చాలా ఉన్నాయి, దాక్కోవడానికి పనికొచ్చేవి.

తర్వాత అతను రావడం మానేశాడు. కొన్నాళ్ళకు హైదరాబాద్ నుంచి ఒక డాక్టరు నాకు ఫోన్ చేశారు. పేరున్న మనిషి, మర్యాదస్థుడు. ఏడుకొండలు ఆయన దగ్గరకు వెళ్ళాడట.

"మళ్ళీ చెయ్యాలనుకుంటున్నాను మేడమ్. మీ ఆపరేషన్‌లో ఏమైనా ఇబ్బంది వచ్చిందా? పొర గానీ, కొవ్వు గానీ?"

ఆయన సూటిగా, ఆ రెండు మాటలే అడిగారు. నేను వరండాలో నిలబడి ఉన్నాను. పక్కన ఎవరూ లేరు.

"ఏమీ లేదండి. సాఫీగానే అయింది."

ఆయన నా మాట నమ్మారు. కండ మరీ వదులైపోయి ఉంటుందన్న లెక్కతో దాని కోసం లోపలికి వెళ్ళారు. వెళ్ళినచోట కొవ్వు అతుకులు ఎదురయ్యాయి, అవి తెగి రక్తం కారింది. మచ్చ మీద మచ్చ పడింది. కన్ను ఇంకా దిగిపోయింది.

రాజ్యం అడిగిన మాట

ఆ తర్వాత చాలా రోజులకు రాజ్యం ఒక్కతే తాడేపల్లిగూడెం వచ్చింది. ఓపీ అయిపోయేదాకా బల్ల మీద కూర్చుంది. మనిషి చిక్కిపోయింది. అప్పుడు ఆమెకు ఆరో నెల.

"ఏవండీ డాక్టరమ్మ గారూ, ఆయన చెరువులో పడిపోయారండి" అంది. "తాళ్ళు రెండు కనపడతాయి గదండీ, ఒకదాని మీద ఒకటి. పై తాడు పట్టుకోబోయారంట. అక్కడ తాడు లేదండి. దోనె తిరగబడింది. సంచి తాడు కాలికి చుట్టుకుందంట. పక్క చెరువోళ్ళు చూడబట్టి లాగారు."

నేను ఏదో అనబోయాను. ఆమె ఆగలేదు.

"మీరేమీ అనుకోకండి. నేనొకటి అడుగుతాను. ఆయన్ని మళ్ళీ ముందులా చేసెయ్యడం అవుద్దాండి? మెడ వంకరగానే ఉండనివ్వండి. ఎవరేమన్నా పరవాలేదు. మళ్ళీ ఆ వంకర పెట్టెయ్యండి, చాలు."

నేను చేతిలో ఉన్న ఓపీ చీటీలు సర్దడం మొదలుపెట్టాను. ఆమె బస్సుకు టైమవుతోందని లేచి వెళ్ళిపోయింది.

నా ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో నన్ను ఎవరూ అంతకంటే పెద్ద మాట అనలేదు. ఆమె అది మాట అనడానికి అనలేదు. నా మీద ఆమెకు అప్పటికీ నమ్మకం ఉంది. అదే నాకు భరించడం కష్టమైంది.

గట్టు మీద

ఆ ఆదివారం చర్చికి వెళ్ళలేదు. కారు తీసుకొని కైకలూరు మీదుగా వాళ్ళ ఊరు వెళ్ళాను. రోడ్డుకు రెండు పక్కలా చెరువులు, ఐసు లారీలు, తవుడు వాసన. ఏడుకొండలు గట్టు మీద కూర్చొని మేకుతో సంచులకు చిల్లులు పొడుస్తున్నాడు. దోనె ఎక్కనివ్వడం లేదట. కుడి కంటికి చేతిరుమాలు కట్టుకొని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. రాజ్యం ఇంట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చింది. నేను కూర్చోలేదు.

అప్పటిదాకా అతన్ని నేను నువ్వు అనేదాన్ని. ఆ రోజు నోరు తిరగలేదు.

"మీకు ఒక నిజం చెప్పాలని వచ్చాను. ఆపరేషన్ రోజు తప్పు నావల్ల జరిగింది. లోపల చిరగకూడని పొర చింపేశాను. నాకు అప్పుడే తెలుసు. మీకు చెప్పలేదు. హైదరాబాద్ డాక్టరు గారు అడిగితే ఆయనకీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ రెండో ఆపరేషన్ వేరేగా చేసేవారు."

అతను చేతిలోని మేకు సంచి మీద పెట్టాడు.

"ఒంటి తత్వం అన్నారు గదండీ."

"అన్నాను. అది మీ ఒంటి తప్పు కాదు."

అప్పుడు రాజ్యం ముందుకు వచ్చింది. "అయితే చేపల కూర వల్ల కాదాండి?"

నాకు అర్థం కాలేదు. అతను తల దించుకొనే చెప్పాడు. ఆపరేషన్ అయిన పదో రోజున అతనే అడిగి చేపల పులుసు తిన్నాడు. కన్ను పాడైనప్పటి నుంచీ వాళ్ళమ్మ ఆ మాటే పట్టుకుంది. కోడలు పథ్యం చెడగొట్టి కొడుకు కన్ను తీసిందని, వచ్చినవాళ్ళకూ పోయినవాళ్ళకూ చెప్పింది. రాజ్యం ఏడాదిగా ఆ మాటలు పడుతోంది. తనే తప్పు చేశానని ఆమె కూడా నమ్మింది.

"కాదమ్మా. కూరకీ కంటికీ ఏ సంబంధం లేదు. తప్పు నాది."

ఆమె గట్టు మీద అలాగే కూలబడి, కడుపు రెండు చేతులతో పట్టుకొని ఏడ్చింది. ఏడ్చి, ఇంటి వైపు తిరిగి, "ఏవండీ అత్తయ్య గారూ, వినండి, ఇలా వచ్చి వినండి" అని పిలిచింది. ముసలామె గుమ్మం దాకా వచ్చింది. నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ముసలామె నా మొహం చూసి, కోడలి మొహం చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

ఏడుకొండలు నన్ను తిట్టలేదు. "ముందే చెబితే నేను హైదరాబాద్‌లో ఇంకో కోత పెట్టించుకునేవాణ్ణి కాదు గదండీ" అన్నాడు. అంతే.

ఉమ్మనీటి పొర

మర్నాడు హైదరాబాద్ డాక్టరు గారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"ఆ రోజే చెప్పాల్సింది మేడమ్" అన్నారు. తర్వాత, "పంపించండి. మీరు కూడా రండి" అన్నారు.

వెళ్ళాను. ఆయన పక్కన కూర్చొని చూశాను. కొవ్వు, మచ్చ, కండ కలిసిపోయి కొబ్బరి పీచు ఉండలా ఉంది. నేను ఎక్కడ చింపానో చూపించాను. ఆయన ఒక్కొక్క పోగూ విడదీశారు. రక్తం చుక్క కనపడినప్పుడల్లా ఆగారు. చివర, మళ్ళీ అతుక్కోకుండా, గుడ్డుకూ మచ్చకూ మధ్య ఉమ్మనీటి పొర పరిచారు. కాన్పులో మాయతో పాటు వచ్చే పల్చటి పొర అది, శుభ్రం చేసి భద్రపరుస్తారు.

ఆపరేషన్‌కు ముందురోజు నేను ఆ సంగతి వివరిస్తుంటే రాజ్యం అడిగింది, "ఎవరి బిడ్డదోనండి అది?"

"తెలియదమ్మా. ఎవరో తల్లి ఇచ్చి ఉంటుంది."

"ఆ బిడ్డ సల్లగా ఉండాలండి" అంది.

ఆరు వారాలు బాగుంది. ఎదురుగా చూస్తే ఒకటే బొమ్మ. నేను మళ్ళీ ప్రార్థన చెయ్యడం మొదలుపెట్టాను. తర్వాత కొంచెం కొంచెంగా మళ్ళీ అతుక్కుంది. ముందంత కాదు, సగం. ఆ సగం చాలు, తాడు రెండుగా కనపడటానికి. ఇంకోసారి కొయ్యడానికి ఆయనా ఒప్పుకోలేదు, ఏడుకొండలూ ఒప్పుకోలేదు. కళ్ళజోడులో కుడి కంటికి తెల్లటి గరుకు అద్దం పెట్టి ఆ కంటి చూపు మూసేశారు. చూపు పూర్తిగా ఉన్న కన్ను అది. ఒంటికన్నుతో దోనె మీద దూరం అందదు. ఇప్పుడతను కైకలూరులో ఒక ఐసు షాపులో లారీలకు చీటీలు రాస్తాడు.

నాకు తెలిసింది ఇంతే

ఆ తర్వాత ఇలా అతుక్కున్న వేరే కళ్ళ మీద నేను చెయ్యని ప్రయత్నం లేదు. ఉమ్మనీటి పొర వాడాను, స్టిరాయిడ్ సూదులు వాడాను, మచ్చ కట్టకుండా ఆపే మందు అద్దాను. కొన్నింట పనిచేశాయి, కొన్నింట చెయ్యలేదు. ఎందుకో చెప్పలేను, చెప్పగలమనేవాళ్ళను నేను నమ్మను. చిరగని పొరకు సాటి వచ్చే మందు నాకు ఏదీ కనపడలేదు. కండ అంచు కంటితో చూడకుండా హుక్కు వెయ్యకండి. లోతుకు వెళ్ళకండి. రక్తం ఆగేదాకా ఆగండి. గదిలో మిమ్మల్ని చూసేవాళ్ళుంటే ఇంకా నిదానించండి.

పసుపు చుక్క కనపడితే, కనపడిందని పైకే అనండి. ఆ గదిలోనే అనండి. అక్కడ అనలేనివాళ్ళం తర్వాత ఎక్కడా అనలేం. నా విషయంలో చిరుగు వల్ల సగం చెడింది, మిగతా సగం నా నోటి వల్ల చెడింది. మొదటి సగానికి నన్ను నేను ఎలాగో క్షమించుకోగలిగాను.

మొన్న

ఇది రాయడానికి అనుమతి అడుగుదామని మొన్న వాళ్ళింటికి వెళ్ళాను. ఏడుకొండలు షాపు నుంచి అప్పుడే వచ్చాడు. రాజ్యం టీ పెట్టింది. వాళ్ళ పాప బడి యూనిఫాంలోనే గుమ్మంలో నిలబడి నన్ను ఎగాదిగా చూసింది.

"రాసుకోండి" అన్నాడతను. "చదివినోళ్ళు జాగ్రత్తగా చేత్తారు గదండీ."

పాప వచ్చి అతని ఒళ్ళో కూర్చుంది. "నాన్నా, తెల్లద్దం తీసెయ్" అంది. అతను కళ్ళజోడు తీసి కిటికీలో పెట్టాడు.

"ఇది మా ఆటండి" అన్నాడు నాతో. "అద్దం తీస్తే పిల్లలిద్దరు కనపడతారు. ఒకత్తి నేల మీద, ఒకత్తి గాల్లో. ఏది మా పిల్లో పట్టుకోవాలండి."

పాప అప్పటికే లేచి గోడ దగ్గర నిలబడింది. "ఇప్పుడు పట్టుకో" అంది.

అతను చెయ్యి చాపాడు. చెయ్యి పాప తల మీదుగా పోయి, ఉత్త గాలిని పట్టుకుంది. పాప పగలబడి నవ్వింది.

"మళ్ళీ, నాన్నా" అంది.